తొమ్మిదో కాలర్

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పక్కనే బీచ్ పెట్టుకుని, ఆదివారం సాయంత్రం పూట ఈ హాల్లోకి వచ్చి కూర్చున్నారు. రేడియో అంటే మీకు నిజంగా ఇష్టం ఉన్నట్టే. నేను ఈ ఊళ్లో ఒక ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్‌లో పదకొండేళ్లు పనిచేశాను. మొదట మైకు ముందు, తర్వాత ప్రోగ్రామింగ్‌లో, అంటే ఏ కార్యక్రమం ఎప్పుడు రావాలో చూసే పనిలో. ఏ స్టేషనో చెప్పను. ఇవాళ మా తప్పులు కూడా కొన్ని చెప్పాలనుకుంటున్నాను. అవి ఏ ఒక్క స్టేషన్‌వో కావు కాబట్టి పేరు అనవసరం.

విషయం చిన్నదే. కచేరీ టికెట్లు రేడియోలో ఉచితంగా ఇస్తారు చూడండి, దాని గురించి. "దాని మీద మాట్లాడడానికి ఏముందమ్మా" అని ఇంట్లో మా నాన్నగారు అడిగారు. చాలా ఉంది నాన్నా అన్నాను. పదకొండేళ్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఈ టికెట్లే.

ఉదయం 8 గంటల 40 నిమిషాలు అనుకోండి. పాట అయిపోయింది. ఆర్జే అంటుంది: "ఈ శనివారం ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో మ్యూజికల్ నైట్. రెండు పాస్‌లు నా చేతిలో ఉన్నాయి. తొమ్మిదో కాలర్‌కి!" అంటే లైను దొరికినవాళ్లలో తొమ్మిదోవాళ్లకి. ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణానికి స్టూడియోలో ఫోను దీపాలన్నీ వెలుగుతాయి. పాట తర్వాత మళ్లీ మాట్లాడేటప్పుడు మేం గర్వంగా "ఫోన్లు ఆగడం లేదు, విశాఖ ఊగిపోతోంది" అని చెప్పేవాళ్లం.

ఇక్కడ ఒక్క లెక్క వేయండి. మా స్టూడియోలో ఫోన్ లైన్లు రెండు. ఒక కాల్ ఎత్తి, పేరు అడిగి, "మీరు నాలుగో కాలర్ అండీ, ఇంకోసారి ట్రై చేయండి" అని పెట్టేయడానికి అర నిమిషం. పది నిమిషాలు ఫోన్లు ఎత్తితే మొత్తం 40 కాల్స్. ఊళ్లో 200 మంది ఫోన్ చేసినా మాకు కనబడేది 40. 20,000 మంది చేసినా 40. మిగతా అందరికీ ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది. వాళ్ల సంగతి మా దగ్గర ఎక్కడా నమోదు కాదు. అంటే శ్రోతల డిమాండ్ అని మేం సంబరపడింది నిజానికి మా రెండు లైన్ల కెపాసిటీ. ఇది అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

అమెరికాలో ఈ సమస్య ముందే వచ్చింది. రేడియో పోటీ పెడితే ఒక్కసారిగా వేల ఫోన్లు మోగి, ఆ ప్రాంతంలో మామూలు కాల్స్ కూడా కలిసేవి కావు. అందుకని టెలిఫోన్ కంపెనీలు రేడియో స్టేషన్లకు ప్రత్యేకమైన నంబర్ల వరుస కేటాయించాయి. ఒక్కో ఎక్స్ఛేంజీ నుంచి ఆ వరుసకు కొన్ని కాల్స్ మాత్రమే వెళ్లనిచ్చి, మిగతావి అక్కడే ఆపేసేవారు. ఎక్కడో ఇంటికి నిప్పంటుకుంటే ఫైరింజన్‌కి ఫోన్ కలవాలి కదా.

ఆ లైన్లను నమ్ముకోవడం ఎంత ప్రమాదమో 1990లో లాస్ ఏంజెలస్‌లో తేలింది. ఒక స్టేషన్ 102వ కాలర్‌కి పోర్షే కారు ప్రకటించింది. కెవిన్ పౌల్సన్ అనే కంప్యూటర్ హ్యాకర్ ఆ స్టేషన్‌కి వెళ్లే ఫోన్ లైన్లన్నిటినీ తన గుప్పిట్లోకి తెచ్చుకుని, వేరేవాళ్ల కాల్స్ వెళ్లకుండా చేసి, తానే 102వ కాలర్ అయ్యాడు. తర్వాత పట్టుబడ్డాడు, జైలుకెళ్లాడు. ఆ రోజు నిజాయితీగా నంబరు తిప్పుతూ కూర్చున్నవాళ్లు ఎంతమందో! "ఇవాళ మన అదృష్టం బాగాలేదు" అనుకుని ఫోన్ పెట్టేసి ఉంటారు. నాకు పౌల్సన్ కంటే వాళ్లే ఎక్కువ గుర్తొస్తారు.

కొంచెం వెనక్కి వెళదాం. మన విశాఖ ఆకాశవాణి 1963లో మొదలైంది. మా అమ్మగారి తరానికి రేడియో అంటే సిరిపురంలోని ఆ కేంద్రమే, మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్. అప్పట్లో శ్రోత ఏం కోరుకుంటున్నాడో తెలిసేది పోస్టుకార్డు వల్ల. ఒక కార్డు మీద ఇంటిల్లిపాది పేర్లు రాసి, పక్కింటి పిల్లల పేర్లు కూడా చేర్చి, ఫలానా పాట వేయమని పంపేవారు. పాట కంటే ముందు పేరు వినబడాలి, ఆ ఆనందం కోసం. కార్డులో ఒక సుగుణం ఉంది. దానికి ఎంగేజ్ టోన్ లేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు మధ్యాహ్నం లేచి రాసుకోవచ్చు. అనకాపల్లి నుంచి రాసినా, అల్లిపురం నుంచి రాసినా ఒకటే ఖర్చు.

కార్డులు కూడా పూర్తిగా నిజం చెప్పవు, ఒప్పుకుంటాను. జార్ఖండ్‌లో ఝుమ్రీ తిలైయా అనే చిన్న ఊరుంది, అభ్రకం గనుల ఊరు. రేడియో సిలోన్, వివిధ భారతి విన్నవాళ్లకి ఆ పేరు తెలియకుండా ఉండదు. అక్కడివాళ్లు ఒకరితో ఒకరు పోటీపడి ఫర్మాయిష్ ఉత్తరాలు, అంటే ఫలానా పాట వేయమని కోరే ఉత్తరాలు, రాసేవారు. దేశమంతా ఆ ఊరిని పెద్ద పట్నం అనుకుంది. గొంతు పెద్దదైతే ఊరు పెద్దదిగా కనిపిస్తుంది. మాకూ అలాంటి శ్రోతలు ఉండేవారు. రెగ్యులర్ కాలర్లు అంటాం. ఏ పోటీ పెట్టినా ఆ పాతిక మందే. ఇంట్లో రెండు ఫోన్లు, రీడయల్ మీద వేలు. వాళ్లంటే నాకు కోపం లేదు. మా పుట్టినరోజులు కూడా గుర్తుపెట్టుకుని ఫోన్ చేసేవారు. అయితే ఆ పాతిక మంది సరదానే ఊరి కోరికగా లెక్కేసుకోవడం మా పొరపాటు.

అసలు ఎందుకు అలా లెక్కేసుకున్నాం? వేరే కొలత లేదు కాబట్టి. మన దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం 2001లో బెంగళూరులో వచ్చింది. 2005లో కేంద్రం రెండో దశ విధానం తెచ్చాక మనలాంటి ఊళ్లకి స్టేషన్లు వచ్చాయి. ఎవరు ఏ స్టేషన్ వింటున్నారో కొలవడానికి రేడియో ఆడియెన్స్ మెజర్మెంట్ అని ఒక సర్వే 2007లో మొదలైంది. ఎంపిక చేసిన ఇళ్లలో డైరీలిచ్చి, ఏ టైములో ఏ స్టేషన్ విన్నారో రాయించుకునేవారు. అది ఢిల్లీ, ముంబై, బెంగళూరు, కోల్‌కతా, ఈ నాలుగు ఊళ్లకే. విశాఖకు అలాంటి డైరీ లేదు. యాడ్ ఇచ్చే కంపెనీ "మీ స్టేషన్ ఎంతమంది వింటారు" అని అడిగితే మా మార్కెటింగ్ కుర్రాడు చూపించగలిగింది ఏమిటి? పోటీ రోజు వచ్చిన ఫోన్లు. వాట్సాప్ వచ్చాక మెసేజీల స్క్రీన్‌షాట్లు. టికెట్ అక్కడ తూనికరాయిగా పనిచేసింది.

ఇక ఆ టికెట్లు ఎక్కడివి? స్టేషన్ కొనదు. దీన్ని మా భాషలో బార్టర్ అంటాం. కచేరీ నిర్వాహకుడికి ప్రచారం కావాలి, స్టేషన్‌కి పోటీలో ఇవ్వడానికి ఆకర్షణ కావాలి. అతను ఇన్ని పాస్‌లు ఇస్తాడు, మేం ఇన్ని స్పాట్లు (రికార్డు చేసిన ప్రకటనలు), ఇన్ని ఆర్జే మెన్షన్లు (ఆర్జే నోటితో చెప్పేవి) వేస్తాం. డబ్బు చేతులు మారదు, లేదా కొంచెమే మారుతుంది. ఇందులో తప్పు లేదు. కళాకారుడికి జనం వస్తారు, జనానికి పాట దొరుకుతుంది. కానీ ఒక చిక్కు ఉంది. టికెట్లు బాగా అమ్ముడవుతుంటే నిర్వాహకుడు మనకి పాస్‌లు తగ్గిస్తాడు. అమ్ముడవకపోతే కట్టలు కట్టలు పంపిస్తాడు. అంటే జనం నిజంగా తహతహలాడే కచేరీకి మా దగ్గర నాలుగు పాస్‌లు ఉంటాయి. ఎవరికీ పట్టని దానికి నలభై ఉంటాయి. మైకులో మాత్రం రెండిటికీ అదే హుషారు, అదే అరుపు. వినేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు నేను మర్చిపోలేని వారం గురించి చెబుతాను.

ఒక పెద్ద సినీ సంగీత కార్యక్రమం. "వారమంతా టికెట్లు గెలవండి" అని ప్రోమో చేశాం. నా గొంతే. గంటకోసారి. సోమవారం ఉదయం కవరు విప్పితే ఇరవై పాస్‌లు. సాయంత్రానికి అందులో పద్నాలుగు వెళ్లిపోయాయి. యాడ్ ఇచ్చేవాళ్లకి కొన్ని, వాళ్ల బంధువులకి కొన్ని, మా ఆఫీసులో పైవాళ్ల ఇళ్లకి కొన్ని. మిగిలినవి ఆరు. వారమంతా అని చెప్పాం కదా, కాబట్టి రోజుకో పాస్. ఒక్క పాస్! కచేరీకి ఒక్కరూ ఎలా వెళతారు? ప్రోమో మాత్రం మార్చలేదు. మార్చమని నేను గట్టిగా అడగలేదు కూడా.

గురువారం మధ్యాహ్నం, షో లేని సమయంలో, ఒకావిడ ఆఫీసు నంబరుకి ఫోన్ చేశారు. చేపలు అమ్ముతారట, జాలరిపేట వైపు. "అక్కా, పొద్దున్న మీరు ఫోన్ చెయ్యమన్నప్పుడు నాను గంప దించను కదా. హార్బర్ నుంచి సరుకు ఎత్తుకుని వీధుల్లో ఉంటాను. చెవిలో మీ రేడియోనే ఉంటది. చేతులు మాత్రం కాళీగుండవు. మా పాపకి ఆ పాటలంటే పిచ్చి. మధ్యాహ్నం ఎప్పుడైనా పెట్టకూడదా?" అన్నారు. టికెట్ ఇవ్వమని ఆవిడ అడగలేదు. పోటీ పెట్టే సమయం మార్చమని మాత్రమే అడిగారు.

నా దగ్గర సమాధానం లేదు. "చూస్తానమ్మా" అన్నాను. శుక్రవారం పాస్ మధ్యాహ్నం పెట్టించాను. ఆ రోజు ఆవిడకి లైను దొరకలేదు. శనివారం రాత్రి నేను గ్రౌండ్‌కి వెళ్లాను. ముందు వరుసల్లో, మా పాస్‌లు వెళ్లిన చోట, ఎనిమిది తొమ్మిది కుర్చీలు ఖాళీ. ఊరికే వచ్చిన పాస్, తీరిక లేదని ఇంట్లో టేబుల్ మీద ఉండిపోయిన పాస్. ఆ ఖాళీ కుర్చీలు చూస్తూ పాట వినలేకపోయాను. మధ్యలోనే వచ్చేశాను.

ఆ తర్వాతే నేను ఊరిని గడియారంతో పాటు చూడడం మొదలుపెట్టాను. స్టీల్ ప్లాంట్‌లో 'ఎ' షిఫ్టు ఉదయం 6 నుంచి 2, బీ షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్టు రాత్రి 10 నుంచి ఉదయం 6. మన మార్నింగ్ షో పోటీ సమయానికి 'ఎ' షిఫ్టు మనిషి ప్లాంట్ లోపల ఉంటాడు, సీ షిఫ్టు మనిషి అప్పుడే పడుకుంటాడు. ఉక్కునగరం, కూర్మన్నపాలెం, గాజువాక అంతా ఈ షిఫ్టుల మీద నడిచే ఊళ్లు. స్కూలు పిల్లల తల్లి 8:40కి ఆటో దగ్గర ఉంటుంది. ఇంక ఆ టైములో ఫోన్ పట్టుకుని కూర్చోగలిగేది ఎవరు? ఆఫీసుకి పదింటికి బయలుదేరేవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు. మా విజేతల జాబితా తీసి చూస్తే ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే. అవే పేర్లు మళ్లీ మళ్లీ.

గెలిచినా కష్టమే. "ఉదయం 11 నుంచి సాయంత్రం 5 లోపు, ఆధార్ కార్డుతో, మీరే స్వయంగా ఆఫీసుకి వచ్చి పాస్ తీసుకోవాలి." రోజుకూలికి వెళ్లే మనిషి ఒక పూట కూలి పోగొట్టుకుంటే అది ఉచిత టికెట్ ఎలా అవుతుంది? ఇంకొకటి, కచేరీ రాత్రి పదిన్నరకో పదకొండుకో అయిపోతుంది. గ్రౌండ్ బయటకి వచ్చాక పెందుర్తికో అనకాపల్లికో బస్సు ఏది? ఆటో అడిగే రేటు టికెట్ ధర కంటే ఎక్కువ. ఒకసారి అగనంపూడి నుంచి ఒక తండ్రీకూతుళ్లు గెలిచారు. కచేరీ మధ్యలో, అసలైన పాటలు మొదలయ్యే వేళకి, చివరి బస్సు కోసం లేచి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

చట్టం గురించి కూడా నాలుగు మాటలు చెబుతాను, ఇక్కడ జర్నలిజం విద్యార్థులు ఉన్నారు కాబట్టి.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో ఒక గొప్ప మాట చెప్పింది. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా ఉన్నారు. ఎఫ్‌ఎం స్టేషన్ ఎంత ఫీజు కట్టినా ఆ తరంగం మీద కొంతకాలం అనుమతి పొందుతుంది, అంతే. అసలు యజమానులు వినేవాళ్లు. నేను కొత్తవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు మొదటి రోజు ఈ తీర్పు గురించే చెప్పేదాన్ని.

2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల జాబితా ఉంది. ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం అందులో ఒకటి. బహుమతి పథకం ముగిశాక తుది ఫలితాలు పాల్గొన్నవాళ్లకి తెలియనివ్వకపోవడం కూడా అందులో ఉంది. ఎవరు గెలిచారో చెప్పడం మర్యాద కోసం చేసే పని అనుకుంటారు చాలామంది. చట్టమే అడుగుతోంది. పన్ను సంగతి మీకు తెలిసే ఉంటుంది. గెలిచిన బహుమతి విలువ 10,000 రూపాయలు దాటితే ఇచ్చేవాళ్లే 30 శాతం పన్ను మినహాయించాలి. వస్తువు రూపంలో ఇస్తే ఆ పన్ను కట్టినట్టు చూసుకున్నాకే చేతికివ్వాలి. రెండు పాస్‌లకి ఆ బాధ ఉండదు, బైకు ఇస్తే ఉంటుంది.

అమెరికాలో ప్రసార నియంత్రణ సంస్థ నిబంధన ఇంకా సూటిగా ఉంటుంది. పోటీ షరతులు పూర్తిగా, నిజంగా చెప్పాలి, చెప్పినట్టే నడపాలి. అక్కడా ఘోరాలు జరగలేదని కాదు. 2007లో శాక్రమెంటోలో ఒక స్టేషన్ పోటీ పెట్టింది. ఎక్కువ నీళ్లు తాగి, బాత్రూముకి వెళ్లకుండా ఎవరు ఉండగలిగితే వాళ్లకి వీడియో గేమ్ యంత్రం. పిల్లల కోసం దాన్ని గెలవాలని వచ్చిన 28 ఏళ్ల తల్లి నీళ్లు ఎక్కువై అదే రోజు చనిపోయింది. 2009లో జ్యూరీ ఆ కుటుంబానికి కోటీ 65 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వమంది. ఒక తల్లి పిల్లల కోసం ఏదైనా చేస్తుందని తెలిసి కూడా, ఆ ఆశను వినోదంగా వాడుకున్నారు. ఇది చదివిన రోజు నాకు జాలరిపేట ఆవిడ మాట గుర్తొచ్చింది: మా పాపకి ఆ పాటలంటే పిచ్చి.

చివరి నాలుగేళ్లు ప్రోగ్రామింగ్ నా చేతికి వచ్చాక కొన్ని మార్చాం. అన్నీ కుదరలేదు. ముందుగా, పాస్‌లు ఎన్నున్నాయో మైకులో చెప్పాం. "మా దగ్గర ఆరే ఉన్నాయండీ" అని. మార్కెటింగ్‌లో గొడవైంది. ఆరే అంటే ఎవరు వింటారు అన్నారు. విన్నారు. ఆరున్నాయని తెలిసి ఓడిపోయినవాడికి కోపం రాదు. వందలున్నాయనుకుని ఓడిపోయినవాడికే వస్తుంది.

తర్వాత తొమ్మిదో కాలర్ పద్ధతి తగ్గించి, రెండు రోజుల గడువు పెట్టి, వాట్సాప్‌లో పేరు, ఏరియా పంపమన్నాం. ఒక నంబరుకి ఒకే ఎంట్రీ. చీటీలు రాసి, స్టూడియోకి వచ్చిన కాలేజీ పిల్లలతో లైవ్‌లో తీయించాం. మొదటిసారి ఎంట్రీలు చూసినప్పుడు మాకు నోట మాట రాలేదు. పరవాడ, సబ్బవరం, భీమిలి, కొత్తవలస. ఇన్నాళ్లూ మా రెండు లైన్లకి అవతల వీళ్లందరూ ఉన్నారు! మేం మాత్రం పాతిక మందిని విశాఖ అనుకున్నాం. ఆ నెలలో అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఎంట్రీలు చూసి ఒక స్థానిక వ్యాపారి కొత్తగా యాడ్ ఇచ్చారు. కాబట్టి ఇది దానధర్మం అని స్టేషన్లవాళ్లు భయపడనక్కర్లేదు.

ఒకసారి గెలిచినవాళ్లకి మూడు నెలలు విరామం పెట్టాం. మా పాతిక మందిలో కొందరు అలిగారు. ఒకాయన మాత్రం, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, "మంచి పని చేశారమ్మా, నేను ఇంక పాటలు అడగడానికే ఫోన్ చేస్తాను" అన్నారు. అలాగే చేశారు. పాస్‌లు గేటు దగ్గరే, పేరు చూసి ఇచ్చేలా నిర్వాహకుల్ని ఒప్పించాం. బస్సు సంగతి మాత్రం మా వల్ల కాలేదు. రెండుసార్లు ఒక వ్యాను పెట్టాం, గాజువాక దాకా. ఖర్చు ఎవరిదన్న దగ్గర ఆగిపోయింది. కళాభారతిలో సంగీత కచేరీల్లాగా, గురజాడ కళాక్షేత్రంలో నాటకాల్లాగా కొంచెం పెందలాడే మొదలుపెట్టి పెందలాడే వదిలితే చాలా ఇళ్లకి అందుబాటులోకి వస్తుంది. పెద్ద గ్రౌండ్ కార్యక్రమాలు చేసేవాళ్లు ఈ మాట వింటే బాగుండు.

"ఇప్పుడు ఫోన్‌లోనే అన్ని పాటలూ ఉన్నాయి కదా, రేడియో టికెట్ కోసం ఎవరు చూస్తారు" అని మొన్న ఒకరు అన్నారు. పాట ఫోన్‌లో ఉంది, నిజమే. పాడే మనిషిని ఎదురుగా చూడడం ఫోన్‌లో లేదు. ఆన్‌లైన్‌లో టికెట్లు పెట్టిన కాసేపటికే అయిపోతున్న రోజులివి. కార్డు లేని, యాప్ వాడడం రాని ఇంటికి ఆ గేటు తెరుచుకునే దారుల్లో రేడియో ఒకటి. అందుకే నాకు ఇంత పట్టింపు.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక పని చెబుతాను. వచ్చే నెల రోజులు మన ఊరి స్టేషన్లన్నీ వినండి. టికెట్ల ప్రకటన వచ్చినప్పుడల్లా ఏ టైముకి వచ్చింది, ఎన్ని పాస్‌లని చెప్పారా లేదా, గెలిచినవాళ్ల ఊరు చెప్పారా లేదా, ఒక నోటుబుక్కులో రాయండి. చెప్పకపోతే ఫోన్ చేసి మర్యాదగా అడగండి. ఎంగేజ్ వస్తే అది కూడా రాయండి.

జాలరిపేట ఆవిడ తర్వాత చీటీల పద్ధతిలో రెండుసార్లు పేరు పంపారు. రాలేదు. మూడోసారి వాళ్ల పాప పేరుతో పంపారు, వచ్చింది. రెండు పాస్‌లు. గేటు దగ్గర నేను నిలబడలేదు, షోలో ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. కచేరీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "అక్కా, పాప గొంతు పోయింది, కేకలేసి కేకలేసి" అన్నారు.

ప్రశ్నలుంటే అడగండి. వెనక వరుసలో చెయ్యి ఎత్తారు, ముందు మీరు చెప్పండమ్మా.